ఊరి పేరు కంటే ముందు బోర్డును చూడండి: అమెరికా నగర బడుల సూపరింటెండెంట్ కావాలనుకునేవారికి

సూపరింటెండెంట్ అనగానే మనకు కలెక్టరేట్‌లో సెక్షన్ చూసే అధికారో, పెద్దాస్పత్రి సూపరింటెండెంటో, పదో తరగతి పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాల కట్టలు విప్పే చీఫ్ సూపరింటెండెంటో గుర్తుకొస్తారు. అమెరికాలో స్కూల్ సూపరింటెండెంట్ ఉద్యోగం వేరు. ఒక నగరంలోని ప్రభుత్వ బడులన్నీ, వాటిలో చదివే పిల్లలు, చెప్పే టీచర్లు, తిరిగే బస్సులు, మధ్యాహ్న భోజనాలు, కారే పైకప్పులు, బడ్జెట్, అన్నీ ఆ ఒక్కరి పూచీ. దేశంలో స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ఊరి లేదా ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు) సుమారు 13,000 ఉన్నా, వాటిలో ఎక్కువ చిన్నవే. నేను రాస్తున్నది పెద్ద నగరాల గురించి. న్యూయార్క్‌లో ఈ పదవిని చాన్సలర్ అంటారు, షికాగోలో చాలా ఏళ్లు సీఈవో అన్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

మన జిల్లా విద్యాధికారితో పోల్చవచ్చా అని చాలామంది అడుగుతారు. పోలిక సగమే కుదురుతుంది. డీఈవో ప్రభుత్వ ఉద్యోగి. పాలకులు మారితే బదిలీ కావచ్చు కానీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. సిలబస్, నియామకాలు, జీతాలు రాష్ట్రమే చూసుకుంటుంది. అమెరికా సూపరింటెండెంట్‌ది కాంట్రాక్టు కొలువు. టీచర్ల నియామకం, యూనియన్‌తో వేతన ఒప్పందం, ఏ బడి మూయాలి, ఏ పుస్తకం కొనాలి అన్నవన్నీ ఆ కార్యాలయం నుంచే స్కూల్ బోర్డు, అంటే ఆ బడుల పాలకమండలి, ముందుకు వెళ్తాయి. ఏరికోరి తెచ్చుకున్న ఆ బోర్డే ఒక రాత్రి సమావేశంలో ఓటు వేసి పంపించేయనూ గలదు.

నేను పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. ఆరేళ్లు మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్‌గా ఉన్నాను. ఇప్పుడు ఒక పెద్ద డిస్ట్రిక్టు కేంద్ర కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఇంతవరకు నలుగురు సూపరింటెండెంట్లను దగ్గరగా చూశాను. మొన్న నవంబరులో మా స్నేహితుడి కూతురు ఫోన్ చేసి, "బాబాయ్, రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఏది తీసుకోమంటారు?" అని అడిగింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, ప్రిన్సిపాల్‌గా మంచి పేరు తెచ్చుకుంది. ఒక పిలుపు లక్షన్నర మంది పిల్లలున్న మహానగరంలో డిప్యూటీ పదవికి. రెండోది ఎనిమిది వేల మంది పిల్లలున్న పాత పారిశ్రామిక పట్టణంలో సూపరింటెండెంట్ పదవికి. ఆమెతో మాట్లాడినవన్నీ ఒక చోట పెడితే, ఇక్కడి బడుల్లో టీచర్లుగా, అసిస్టెంట్ ప్రిన్సిపాళ్లుగా ఉన్న మనవాళ్లకు, విద్యారంగంలోకి వెళ్తానంటున్న పిల్లల తల్లిదండ్రులకు పనికొస్తాయనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఉద్యోగంలో జీతం, నగరం పేరు, పిల్లల సంఖ్య తరువాతి సంగతులు. మిమ్మల్ని పెట్టుకునేది ఎవరు, తీసేయగలిగేది ఎవరు అన్నది మొదటి సంగతి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇక్కడ బోర్డును చూసి ఊరిని చూడాలి.

మూడు దారులు

ఈ కుర్చీ దాకా వెళ్లడానికి మూడు దారులున్నాయి. ఎక్కువమంది నడిచేది బడి దారి: టీచరు, అసిస్టెంట్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, కొన్ని బడులను పర్యవేక్షించే ఏరియా అధికారి, డిప్యూటీ, ఆపైన సూపరింటెండెంట్. ఎల్లా ఫ్లాగ్ యంగ్ 1862లో షికాగోలో టీచరుగా చేరి, ప్రిన్సిపాల్ అయి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 1909లో ఆ నగర బడులకు సూపరింటెండెంట్ అయ్యారు. అంత పెద్ద నగరానికి ఆ పదవిలో వచ్చిన తొలి మహిళ ఆమె. మన కాలంలో అల్బెర్టో కర్వాలో పోర్చుగల్ నుంచి వచ్చి, హోటళ్లలో గిన్నెలు కడిగి, మయామిలో ఫిజిక్స్ టీచరుగా మొదలుపెట్టి, 2008లో అదే డిస్ట్రిక్టుకు సూపరింటెండెంట్ అయ్యారు. వలస వచ్చినవాళ్లకు ఈ తలుపు మూసి లేదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

రెండోది కార్యాలయం దారి. అకౌంట్లు, బడ్జెట్, పాఠ్యప్రణాళిక, డేటా, ఇలా ఏదో ఒక విభాగంలో పైకి వచ్చి పగ్గాలు అందుకోవడం. పెడ్రో మార్టినెజ్ అకౌంటెంట్. షికాగో బడుల ఆర్థిక వ్యవహారాలు చూసి, 2015లో శాన్ ఆంటోనియోకు సూపరింటెండెంట్‌గా వెళ్లి, 2021లో షికాగోకు సీఈవోగా తిరిగివచ్చారు. ఐటీ, ఫైనాన్స్ వైపు నుంచి విద్యారంగంలోకి మారాలనుకునే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ దారి గురించే.

మూడోది బయటి దారి. వకీళ్లు, సైన్యాధికారులు, రాజకీయ నాయకులు, వ్యాపారవేత్తలు నేరుగా వచ్చి కూర్చోవడం. 1990ల నుంచి ఇరవై ఏళ్లపాటు ఇది బాగా సాగింది. సియాటిల్ 1995లో జాన్ స్టాన్‌ఫర్డ్ అనే మేజర్ జనరల్‌ను తెచ్చుకుంది. లాస్ ఏంజిలిస్‌కు కొలరాడో మాజీ గవర్నర్ రాయ్ రోమర్ వచ్చారు, ఆయన తరువాత నౌకాదళం నుంచి డేవిడ్ బ్రూవర్ వచ్చారు. న్యూయార్క్‌లో జోయెల్ క్లైన్ అనే న్యాయవాది 2002 నుంచి ఎనిమిదేళ్లు నిలబడ్డారు. ఆయన స్థానంలో 2011 జనవరిలో పత్రికా రంగం నుంచి వచ్చిన క్యాథీ బ్లాక్ ఏప్రిల్‌లోనే దిగిపోయారు. ఇద్దరూ బయటివాళ్లే, ఇద్దరికీ అర్హత విషయంలో రాష్ట్రం నుంచి ప్రత్యేక మినహాయింపు కావలసి వచ్చింది, ఇద్దరినీ తెచ్చింది ఒకే మేయరు. తేడా ఎక్కడుందంటే, క్లైన్ చదువుకున్నది న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లోనే, పైగా ప్రభుత్వంలో పెద్ద పెద్ద పోరాటాలు చేసి వచ్చిన మనిషి. బడి తెలియకపోయినా ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసు. రోమర్ విషయంలోనూ అంతే. బడుల కోసం అప్పు తెచ్చే బాండ్లకు ఓటర్లను ఒప్పించడం, డబ్బు తేవడం, కొత్త బడులు కట్టించడం గవర్నరుగా చేసిన మనిషికి చేతనైన పనులు.

ఈ మూడింటిలో నన్ను ఎంచమంటే తటపటాయించను. కనీసం నాలుగేళ్లు ప్రిన్సిపాల్‌గా చేయండి. ఎందుకో నా అనుభవం ఒకటి చెబుతాను. ప్రిన్సిపాల్‌గా నా రెండో జనవరిలో ఒక సోమవారం పొద్దున బడి గదులను వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయింది. లోపలి గదుల్లో నీళ్ల సీసాలు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలు కోట్లు విప్పకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మరమ్మతుల విభాగానికి మూడుసార్లు ఫోన్ చేశాను. కంప్యూటర్‌లో మా ఫిర్యాదు పక్కన "3వ ప్రాధాన్యం" అని ఉంది. అంటే వారంలోపు. బడి భవనం చూసుకునే కస్టోడియన్ తన ఇంటి నుంచి రెండు హీటర్లు తెచ్చి చిన్నపిల్లల గదుల్లో పెట్టాడు. ఇప్పుడు కేంద్ర కార్యాలయంలో నా ముందుకు అలాంటి జాబితా వచ్చినప్పుడల్లా ఆ అంకె వెనుక ఎవరు వణుకుతున్నారో నాకు కనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్ చూస్తూ పెరిగినవారికి ఇది నేర్పడం కష్టం. నేర్పలేమని అనను, కార్యాలయం దారిన వచ్చి అద్భుతంగా పనిచేసినవారిని చూశాను. వాళ్లందరూ వారానికి రెండు రోజులు బడుల్లో గడిపేవారు, అదీ ముందుగా చెప్పకుండా వెళ్లేవారు.

అయితే బడి దారిన వచ్చేవారికి ఒక లోటు ఉంటుంది, దాన్ని దాచిపెట్టను. డబ్బు, బస్సులు, భవనాలు తెలియకుండానే పైకి వచ్చేస్తారు. 2023 ఆగస్టులో లూయీవిల్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో కొత్త బస్సు రూట్లు మొదలైన తొలి రోజే వ్యవస్థ కుప్పకూలింది. ఆఖరి పిల్ల ఇల్లు చేరేసరికి రాత్రి పది కావచ్చింది. ఆ తరువాత వారానికి పైగా బడులు మూశారు. చదువు ఎంత బాగా చెప్పించినా ఆ రాత్రిని ఆ ఊరి తల్లులు మర్చిపోరు. కాబట్టి ప్రిన్సిపాల్ పని అయ్యాక ఏరియా అధికారి పదవి కోసం ఎగబడకుండా, రెండేళ్లు బడ్జెట్ విభాగంలోనో రవాణాలోనో పనిచేయండి. అక్కడికి ఎవరూ ఇష్టపడి వెళ్లరు కాబట్టి అడిగితే ఇస్తారు.

చదువు, కాగితాలు

దీని మీద ఎక్కువ రాయను. చాలా రాష్ట్రాలు సూపరింటెండెంట్‌కు విడిగా సర్టిఫికెట్ అడుగుతాయి, కొన్ని మినహాయింపులు ఇస్తాయి. మినహాయింపును నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోవద్దు. పాల్ వాలస్ షికాగో, ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లీన్స్ బడులను నడిపి వచ్చిన మనిషి. ఆయనకు కూడా కనెటికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో అర్హత మీద కోర్టు కేసు తప్పలేదు.

డాక్టరేట్ విషయంలో: పరిశోధన మీద ప్రేమ ఉంటే పీహెచ్‌డీ చేయండి, లేకపోతే ఉద్యోగం చేస్తూ చదివే ఎడ్.డి. (విద్యారంగ వృత్తి డాక్టరేట్) చాలు. హార్వర్డ్ 2010లో మొదలుపెట్టిన ఎడ్.ఎల్.డి. (విద్యా నాయకత్వ డాక్టరేట్) మూడేళ్ల కోర్సు, ట్యూషన్ ఫీజు లేదు, మూడో ఏడాది మొత్తం ఒక సంస్థలో పనిచేస్తూ గడపాలి. సీటు దొరికితే కళ్లకద్దుకుని వెళ్లండి. దొరక్కపోతే అప్పు చేసి పెద్ద పేరున్న యూనివర్సిటీకి వెళ్లవలసిన అవసరం మాత్రం లేదు. బోర్డు ఇంటర్వ్యూలలో ఏ యూనివర్సిటీ అని అడిగింది నేను చూడలేదు. ఏ బడిని ఎలా మార్చారు అన్నదే అడుగుతారు.

మన దేశం నుంచి జె-1 వీసా మీద టీచర్లుగా వచ్చినవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. అది మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు. ఈ నిచ్చెన ఎక్కడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ముందు స్థిరనివాసం సంగతి తేల్చుకున్నాకే ఈ ఆలోచన చేయండి.

ఎవరి కింద పనిచేస్తారు

అసలు ఎంపిక ఇదే. పెద్ద నగరాల్లో మూడు రకాల యజమానులుంటారు: ప్రజలు ఎన్నుకున్న బోర్డు, మేయరు, రాష్ట్ర ప్రభుత్వం.

ఎన్నికైన బోర్డులో సాధారణంగా ఐదుగురో, ఏడుగురో, తొమ్మిదిమందో ఉంటారు. లాస్ ఏంజిలిస్‌లో ఏడుగురు. మీ ఉద్యోగం నిలవాలంటే నాలుగు ఓట్లు చాలు, పోవాలన్నా నాలుగే చాలు. రెండేళ్లకోసారి ఎన్నికలు జరిగి సగం మంది మారిపోతే, మిమ్మల్ని తెచ్చుకున్నవారిలో ఎంతమంది మిగులుతారో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. 2014లో పెద్ద నగరాల డిస్ట్రిక్టుల మండలి లెక్క తీస్తే, అప్పుడు పదవిలో ఉన్నవారు సగటున మూడేళ్లకు కాస్త పైగా పనిచేసి ఉన్నారు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదో తరగతికి వెళ్లేలోపు పెద్ద కుర్చీలో మనిషి మారిపోతారన్నమాట. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. చదివే అలవాటు, లెక్క చేసే ధైర్యం ఒక నగరం మొత్తంలో పెరగాలంటే మూడేళ్లు సరిపోవు.

కానీ ఎన్నికైన బోర్డు బాగుంటే అంతకంటే గట్టి పునాది లేదు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చూడండి. 1992 నుంచి 2020 వరకు, అంటే 28 ఏళ్లలో, అక్కడ ఇద్దరే సూపరింటెండెంట్లు: కార్ల్ కోన్, క్రిస్ స్టైన్‌హౌసర్. 1994లో ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్ల పిల్లలందరికీ యూనిఫాం పెట్టిన తొలి పెద్ద నగర డిస్ట్రిక్టు అదే. 2003లో నగర బడులకిచ్చే బ్రాడ్ ప్రైజ్ గెలిచింది. పేద పిల్లలు ఎక్కువగా చదివే డిస్ట్రిక్టు అది. అక్కడి బోర్డు చేసిన గొప్ప పని తొందరపడకపోవడం.

మేయరు కింద పనిచేయడం వేరు ఆట. ఒక్క మనిషిని ఒప్పిస్తే చాలు. నిర్ణయాలు వేగంగా జరుగుతాయి, నగరపాలక సంస్థ డబ్బు, పోలీసులు, పార్కులు, లైబ్రరీలు కలిసివస్తాయి. బోస్టన్‌లో టామ్ పేజంట్ 1995 నుంచి 2006 వరకు పదకొండేళ్లు పనిచేయగలిగారంటే, ఆ కాలమంతా ఒకే మేయరు ఉండటం, ఆ మేయరు వెనక్కి తగ్గకపోవడం పెద్ద కారణం. వాషింగ్టన్‌లో మిషెల్ రీ కథ దీనికి అవతలి ఒడ్డు. 2007లో మేయర్ ఏడ్రియన్ ఫెంటీ ఆమెను తెచ్చారు. ఆమె బడులు మూశారు, టీచర్లను తొలగించారు, టీచర్ల పనికి కొత్త మదింపు పద్ధతి తెచ్చారు. 2010 సెప్టెంబరులో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ఫెంటీ ఓడిపోయారు. అక్టోబరులో ఆమె రాజీనామా చేశారు. చెట్టు పడితే పిట్ట ఎగిరిపోవలసిందే.

షికాగోలో మార్టినెజ్‌కు జరిగింది ఇంకా దగ్గరగా చూడదగ్గది. బడ్జెట్ లోటు పూడ్చడానికి అప్పు తెమ్మని మేయరు వర్గం కోరింది, ఆయన తేనన్నారు. ఆ గొడవలోనే 2024 అక్టోబరులో బోర్డు సభ్యులు ఏడుగురూ ఒకేసారి తప్పుకున్నారు. మేయరు కొత్తవారిని వేశారు. డిసెంబరు 20న వాళ్లు కారణం చూపకుండా ఆయన కాంట్రాక్టును ముగించారు. కాంట్రాక్టులో ఆరు నెలల గడువు రాసి ఉంది కాబట్టి జూన్ దాకా కుర్చీలో ఉన్నారు. ఆ తరువాత మసాచుసెట్స్ విద్యా కమిషనర్ అయ్యారు. నా దృష్టిలో ఆయన కాదనడం సరైన పని. లెక్క తెలిసిన మనిషి, రేపటి పిల్లల నెత్తిన అప్పు పెట్టనన్నారు. కానీ ఆ మాట అనగలిగే స్థితిలో ఉండాలంటే కాంట్రాక్టు ఎంత జాగ్రత్తగా రాయించుకోవాలో కూడా అక్కడే నేర్చుకోవాలి.

రాష్ట్రం స్వాధీనం చేసుకున్న డిస్ట్రిక్టులు మూడో రకం. 2023 జూన్‌లో టెక్సాస్ ప్రభుత్వం హ్యూస్టన్ బడులకు తన బోర్డును, సూపరింటెండెంట్‌గా మైక్ మైల్స్‌ను నియమించింది. మొదటి ఏడాదే పదుల కొద్దీ బడులు కొత్త పద్ధతిలోకి మారాయి, కొన్నిటిలో లైబ్రరీలు మూతపడ్డాయి. ఓట్లకు భయపడనక్కరలేదు కాబట్టి అధికారం చేతినిండా ఉంటుంది. కానీ ఊరి మనుషులు మిమ్మల్ని తమవాడిగా ఎప్పటికీ అనుకోకపోవచ్చు. ఊరు ఒప్పుకోని మార్పు, మీరు వెళ్లిన మరునాడే చెరిగిపోయే ప్రమాదం ఉంది. తొలిసారి సూపరింటెండెంట్ అయ్యేవారిని అలాంటి చోటికి వెళ్లమని నేను చెప్పను.

బోర్డును చదవడం ఎలా? గత రెండేళ్ల సమావేశాల మినిట్స్ తెప్పించుకోండి; అవి అందరికీ అందుబాటులో ఉంటాయి, చాలా చోట్ల వీడియోలూ ఉంటాయి. ఏకగ్రీవంగా జరిగినవి ఎన్ని, నాలుగు మూడుగా చీలినవి ఎన్ని, చీలినప్పుడు ఎప్పుడూ ఆ నలుగురేనా అన్నది రాసుకోండి. వేర్వేరు విషయాల్లో వేర్వేరుగా చీలితే అది ఆరోగ్యం. ఎప్పుడూ అవే రెండు జట్లయితే మీరు అడకత్తెరలో పోకచెక్క అవుతారు. తరువాత, మీకంటే ముందున్న ఇద్దరు ఎలా వెళ్లారో కనుక్కోండి. పదవీ విరమణా, మంచి అవకాశమా, డబ్బిచ్చి పంపించారా? ఆ ఇద్దరికీ ఫోన్ చేయండి. మాట్లాడకూడదని ఒప్పందం ఉందంటే, అదే మీకు కావలసిన సమాధానం. చివరగా, సభ్యులను ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "మూడేళ్ల తరువాత ఏం మారితే నన్ను పెట్టుకున్నందుకు సంతోషిస్తారు?" ఏడుగురూ ఏడు మాటలు చెబితే ఆలోచించుకోండి.

లోపలివారా, బయటివారా

బోర్డులకు పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువ. సొంత డిప్యూటీ పదేళ్లుగా పనిచేస్తున్నా, అభ్యర్థులను వెతికిపెట్టే సంస్థకు డబ్బిచ్చి వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటారు. అభ్యర్థి వైపు నుంచి చూస్తే, లోపలివారికి మొదటి రోజే ఊరు తెలుసు. బాయిలర్ ఏ బడిలో పాతదో, ఏ వీధిలో రెండు వర్గాల మధ్య గొడవలున్నాయో తెలుసు. పాత స్నేహాలు, పాత పగలు కూడా వెంట వస్తాయి. నిన్నటి సహోద్యోగిని ఇవాళ తప్పించాల్సి వస్తే చేయగలరా? చేయలేనంటే బయటికి వెళ్లండి. బయటివారికి ఏడాదిపాటు మొహమాటం ఉండదు, ఆ ఏడాది దాటాక అండగా నిలిచే మనుషులూ ఉండరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇక్కడి టీచర్లలో నాలుగింట మూడొంతుల మంది మహిళలే. సూపరింటెండెంట్లలో మాత్రం వాళ్లు నాలుగో వంతు దగ్గరే ఆగిపోయారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఊళ్లు మారలేక, లోపలి పదవుల కోసం ఎదురుచూసి, చివరికి బయటివారికి అవకాశం పోవడం నా కళ్లముందే జరిగింది. మన ఆడపిల్లలకు నా సలహా ఒకటే: ఇంటికి గంట, గంటన్నర దూరంలో ఉన్న డిస్ట్రిక్టులన్నిటి జాబితా ముందే రాసి పెట్టుకోండి. ఊరు మారకుండా ఉద్యోగం మారే వీలు మహానగరాల చుట్టుపక్కలే ఉంటుంది.

కాంట్రాక్టు, డబ్బు, పింఛను

జీతాలు పెద్దవే. 2022లో మయామి నుంచి వచ్చిన కర్వాలోకు లాస్ ఏంజిలిస్ ఏడాదికి 4,40,000 డాలర్లు, 2023లో హ్యూస్టన్ మైల్స్‌కు 3,80,000 డాలర్లు ఇచ్చాయి. ఆ అంకెను నెలలతో కాదు, మీరు అక్కడ నిలిచే ఏళ్లతో కలిపి చూడండి. కాలిఫోర్నియాలో కాంట్రాక్టు నాలుగేళ్లకు మించకూడదు, టెక్సాస్‌లో ఐదేళ్లకు మించకూడదు. కారణం చూపకుండా తొలగిస్తే ఎన్ని నెలల జీతం, ఎన్ని రోజుల గడువు, వైద్య బీమా ఎంతకాలం అన్న మూడు వాక్యాలను సొంత వకీలు చేత రాయించుకోండి. బోర్డు వకీలు ఎంత మంచివారైనా ఆయన మీ వకీలు కాదు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది పింఛను దగ్గర. టీచర్ల పింఛను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో హక్కు రావడానికి ఐదేళ్లు పడుతుంది, ఇల్లినాయ్‌లో 2011 నుంచి చేరినవారికి పదేళ్లు. మూడేళ్లకోసారి రాష్ట్రం మారితే జీతం పెరుగుతూ పోతుంది, పింఛను ఎక్కడికక్కడ తెగిపోతుంది. కొన్ని రాష్ట్రాల్లో టీచర్ల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి (కేంద్ర ప్రభుత్వ పింఛను పథకానికి) డబ్బు కోయరు కూడా. ఇలాంటి పింఛను ఉన్నవారికి సోషల్ సెక్యూరిటీ తగ్గించే పాత నిబంధనలను 2025 జనవరిలో ఎత్తేశారు కాబట్టి, ఐటీలో కొన్నేళ్లు చేసి బడుల్లోకి వచ్చినవారికి ఇప్పుడు కాస్త ఊరట.

పరీక్ష మార్కులకు ముడిపెట్టిన బోనస్ మాత్రం తీసుకోవద్దు. బోర్డు బతిమాలినా వద్దు. అట్లాంటాలో బెవర్లీ హాల్ 1999 నుంచి పనిచేసి, 2009లో దేశంలోనే ఉత్తమ సూపరింటెండెంట్‌గా ఎంపికయ్యారు. 2011లో రాష్ట్ర దర్యాప్తు 44 బడుల్లో, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల జవాబులు దిద్దడంతో సహా మోసాలకు పాల్పడ్డారని తేల్చింది. 2013లో ఆమె మీద అభియోగాలు మోపారు. తాను తప్పు చేయలేదనే ఆమె చెప్పారు. అనారోగ్యంతో విచారణ జరగకుండానే 2015లో మరణించారు. ఆమెకు ఎంత తెలుసన్నది నేను తేల్చలేను. కానీ అంకె తగ్గితే ఉద్యోగం పోతుందని పైనుంచి కిందిదాకా ఒక మాట పాకితే ఏం జరుగుతుందో అక్కడ జరిగింది. చదవడం రాని పిల్లకు చదవడం వచ్చిందని కాగితం మీద రాస్తే, ఆ పిల్లకు రావలసిన సహాయం కూడా ఆగిపోతుంది. అందులో నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది అదే.

పెద్దచోట రెండో కుర్చీ, చిన్నచోట మొదటి కుర్చీ

మళ్లీ మా స్నేహితుడి కూతురి దగ్గరికి వస్తాను. మహానగరంలో డిప్యూటీ అయితే పెద్ద వ్యవస్థ ఎలా కదులుతుందో తెలుస్తుంది. వందల కోట్ల డాలర్ల బడ్జెట్, పెద్ద యూనియన్లు, విలేకరులు. జీతం కూడా ఆ చిన్న పట్టణం ఇచ్చేదానికంటే ఎక్కువే. లోటు ఏమిటంటే, బోర్డు ముందు నిలబడేది మీరు కాదు. మంచు కురిసిన తెల్లవారుజామున నాలుగింటికి రోడ్ల విభాగంతో మాట్లాడి, బడి మూస్తే ఆ రోజు అన్నం దొరకని పిల్లలు ఎంతమందో తెలిసి కూడా మూయాలా తెరవాలా అని తేల్చేది మీరు కాదు. ఆ నిర్ణయం పక్కన కూర్చుని చూడటం వేరు, దాన్ని మోయడం వేరు. పదేళ్లు డిప్యూటీగా చేసి మొదటి కుర్చీలో తొలి ఏడాదే తడబడినవారిని చూశాను. చిన్న పట్టణంలో అన్నీ మీ నెత్తిన పడతాయి, సాయానికి పదిమంది ఉండరు. కానీ తప్పు చేస్తే ఎనిమిది వేల మంది పిల్లల దగ్గర చేస్తారు, లక్షన్నర మంది దగ్గర కాదు. దిద్దుకునే సమయమూ దొరుకుతుంది.

బోర్డు బాగుంటే చిన్నచోట మొదటి కుర్చీ తీసుకో, జట్లుగా చీలిన బోర్డయితే జీతం ఎంతైనా వద్దు, మహానగరానికి వెళ్లు అని చెప్పాను. ముందు ఎవరికీ చెప్పకుండా ఒక సమావేశానికి వెళ్లి చివరి వరుసలో కూర్చోమన్నాను.

ఆమె డిసెంబరులో ఒక మంగళవారం సాయంత్రం రెండున్నర గంటలు కారు నడుపుకుని వెళ్లింది. ఆ రోజు ఒక ఎలిమెంటరీ బడి మూసివేత మీద చర్చ. మాట్లాడేవారికి తలా రెండు నిమిషాలు. మైకు పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. ఒక అమ్మమ్మ తన మనవడికి ఆస్తమా అని, కొత్త బడి పద్దెనిమిది వీధుల అవతల ఉందని చెబుతుండగా ఎర్రదీపం వెలిగింది. బోర్డు అధ్యక్షుడు దీపం ఆర్పేసి, "మీరు పూర్తిచేయండి" అన్నాడట. ఓటు ఆరు ఒకటిగా పడింది, బడి మూయడానికే. ఓడిపోయిన ఆ ఒక్క సభ్యురాలు సమావేశం అయ్యాక బయటికి వెళ్లకుండా, రవాణా అధికారి దగ్గరికి వచ్చి ఆ వీధి గుండా బస్సు వేయడానికి ఏం కావాలో రాసుకుంటూ కనిపించింది.

పార్కింగ్ నుంచే నాకు ఫోన్ చేసింది. జులై 1న చేరుతోంది. ఆ పద్దెనిమిది వీధుల బస్సు రూటు పటం ఇప్పటికే తెప్పించుకుంది.